కళ్ళు తిరగడానికి ముగింపు తేదీ

గది మూలనున్న మంచినీళ్ళ సీసా దాకా వెళ్ళవలసి వచ్చినా కంప్యూటరు తెరకు తాళం వేసిగాని లేవదు కనుక, ఆ అంతస్తులో అందరూ ఆమెను తాళాలమ్మ అనేవారు. ఎదుట పడితే మేడం, వెనక్కి తిరిగితే తాళాలమ్మ. రెండో పేరులోనే గౌరవం ఒక పాలు ఎక్కువని గ్రహించింది గనుక ఆమె ఎన్నడూ దానిని విననట్టే ఉండేది.

ఆమె చేసేది డేటా కాపలా. కీళ్ళనొప్పులకు కొత్తగా కనిపెట్టిన ఒక మాత్రను కొన్ని ఆసుపత్రుల్లో, ఒప్పుకున్న రోగులకు ఇచ్చి చూస్తున్నారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో తినేవారికీ తెలియదు, ఇచ్చే నర్సుకూ తెలియదు, తాళాలమ్మకూ తెలియదు. రోగులకు పేర్లు ఉండవు, నంబర్లు ఉంటాయి. ఒక నంబరు వెనక ఉన్న మనిషి ఎవరన్నది ఆ రోగిని చూసే ఆసుపత్రివారికి తప్ప మరొకరికి తెలియకూడదు. తెలిసిందా, తెలిసిన మనిషి ఆ సంగతిని తన చేత్తో రాసి ఇచ్చి పని నుంచి పక్కకు తప్పుకోవాలి. కొత్తగా చేరినవారికి ఈ నియమాన్ని బోధించేది కూడా ఆమే. ఆ బోధన ఎంత చల్లగా సాగేదంటే, విన్నవాళ్ళు కొన్నాళ్ళపాటు తమ సొంత ఫోను నంబరు చెప్పడానికి కూడా జంకేవారు.

అటువంటి మనిషి ఇంట్లోనే ఆ నియమానికి బెజ్జం పడింది.

ఇంటి కింది వాటాలో బావగారూ తోడికోడలూ, పై వాటాలో తానూ భర్తా. భోజనాలు మాత్రం అందరికీ కిందనే. తోడికోడలు వయసులో పెద్దది, నోట్లో ఇంకా పెద్దది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి విరమించింది. మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేక ఆసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరు ఈ మాత్ర సంగతి చెప్పాడు. మరిదిభార్య పనిచేసే చోటే కదా అని ఆవిడ సంతకం పెట్టి వచ్చింది. పెట్టి వచ్చాక గాని ఇంట్లో చెప్పలేదు.

“ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు,” అన్నది ఒకనాడు భోజనాల దగ్గర. “నా బరువూ, నా రక్తమూ, నా ఒంట్లో రోగాలూ, అన్నీ నీ కంప్యూటర్లోకే వచ్చి పడతాయటగా.”

“ఎవరివో తెలియకుండా వస్తాయక్కా. నంబర్లే వస్తాయి.”

“ఎక్స్ఛేంజీలో మేమూ అదే చెప్పేవాళ్ళం. మాకు నంబర్లే తెలుసు, మనుషులు తెలీదని.”

“మరి వినేవాళ్ళా?”

“విననిదెవరు? హెడ్‌ఫోను వాళ్ళే తగిలించారుగా చెవికి.”

భర్త ముసిముసిగా నవ్వాడు. బావగారు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. ఆ ఇంట్లో ప్రాణరక్షణకు ఆయన కనిపెట్టిన ఉపాయం అది.

“నువ్వు వినేదానివని నేనూ చూస్తాననుకుంటే ఎలా అక్కా?”

“అనుకోవడమేంటి, చెప్తున్నాగా. కుర్చీలో కూర్చున్నాక ఎవరైనా ఒకటే. పేరు కూడా పెట్టి పిలవరే అక్కడ. నూట పదిహేడు రండి, నూట పదిహేడు జాకెట్టు చెయ్యి పైకి లాగండి. జైల్లో ఉన్నట్టుంది నాకు.”

తాళాలమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. నిజంగానే మూసుకుంది, ఎంగిలి చేత్తో సహా. అందరూ నవ్వారు. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. ఒకసారి విన్న అంకెను విననట్టు పారేయడం ఆమె బుర్రకు చేతకాదు. నియమం ప్రకారం మర్నాడే రాసి ఇవ్వాలి. అంకె చెవిలో పడిందే గాని తాను తెరిచి చూసింది ఏమీ లేదు కదా అని తనకు తాను చెప్పుకుంది. ఇలా చెప్పుకునేవాళ్ళను శిక్షణలో ఆమె ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో.

తరవాత కొన్నాళ్ళకు, ఒక ఉదయం, కింద బట్టలుతికే మిషను దగ్గర ఏదో కూలిన చప్పుడైంది. పరుగున దిగేసరికి తోడికోడలు తడినేల మీద కూలబడి, మోచెయ్యి పట్టుకుని, గోడను కోపంగా చూస్తోంది. తప్పు గోడది అయినట్టు.

“కళ్ళు తిరిగాయే. ఈమధ్య తిరుగుతూనే ఉన్నాయి. మోకాళ్ళేమో గుర్రానికి ఉన్నట్టున్నాయి, తలేమో గానుగెద్దుకి ఉన్నట్టుంది.”

“ఆసుపత్రిలో చెప్పావా?”

“ఈసారి వెళ్ళినప్పుడు చెప్తాలే. బయట ఎక్కడా అనకు. మానిపించేస్తారు.”

వెళ్ళి వచ్చాక తాళాలమ్మ అడిగితే ఆవిడ మొహం చిట్లించింది. “చెప్పాను. ఆ నర్సు నా కళ్ళముందే టకటకా కొట్టింది. సరేనా, కాపలాదారూ?”

కథ అక్కడితో ముగిసి ఉంటే దీనిని చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

పరీక్ష పూర్తికావచ్చింది. శుక్రవారంనాడు డేటాకు లాక్ వేయాలి. లాక్ అంటే లెక్కలు తేల్చేముందు వేసే ఆఖరి తాళం; అది పడ్డాక ఏ ఆసుపత్రివారూ ఒక్క అక్షరం కదపలేరు. అది పడాలంటే తాళాలమ్మ తన పాస్‌వర్డుతో సంతకం చేయాలి, అంతకుముందు ప్రశ్నలేవీ మిగిలి ఉండకూడదు. రాసినదానిలో ఎక్కడ తేడా కనిపించినా ఆసుపత్రికి ఒక ప్రశ్న వెళుతుంది. వాళ్ళ భాషలో అది క్వెరీ. చాలామటుకు ఆమె రాసిపెట్టిన నిబంధనల ప్రకారం కంప్యూటరే పంపుతుంది. జవాబు రాక మిగిలిన క్వెరీలు ఎవరి దగ్గర ఉన్నాయో అందరికీ కనపడాలని ఆఫీసు గోడమీద పెద్ద తెర పెట్టించారు. ఆసుపత్రికొక గడి. క్వెరీలు మిగిలితే ఎరుపు, తీరిపోతే పచ్చ. ఆ తెరను తయారుచేసింది ఆమే. ఆ వారం అది చివరి నుంచి చివరిదాకా పచ్చగా ఉంది. పెద్దడాక్టరు, అంటే ఈ పరీక్ష మొత్తానికి అధిపతి, వచ్చినవారినందరినీ దాని ముందు నిలబెట్టి చూపిస్తున్నాడు. మాత్ర తయారుచేసే కంపెనీ మనిషి దానిని ఫోటో తీసుకున్నాడు.

ఆఖరి పరిశీలనలో నంబర్లు ఒకటొకటిగా ఆమె కళ్ళముందు నుంచి సాగిపోతున్నాయి. నూట పదిహేడు వచ్చింది. కళ్ళు తిప్పుకోవాలని ఆమెకు తెలుసు. తిప్పుకోలేదు.

మాత్ర తిన్న తరవాత వచ్చిన బాధలు: ఏమీ లేవు.

ఆమె వేళ్ళు మౌసు మీద ఆగిపోయాయి. తడినేల, మోచెయ్యి, గోడవైపు కోపం, ఇవన్నీ తాను కలగన్నదా? మొదటి అనుమానం తోడికోడలి మీదికే వెళ్ళింది. మాత్ర మానిపిస్తారన్న భయంతో చెప్పకుండానే చెప్పానని బుకాయించి ఉంటుంది. కాని ఆవిడ అబద్ధాలు ఎలా ఉంటాయో ఈమెకు తెలుసు. వాటికి అలంకారాలు ఎక్కువ. “టకటకా కొట్టింది” అన్నమాటలో అలంకారం లేదు. రెండో అనుమానం నర్సు మీద. అన్నిటికంటే ఆఖరున, ఉన్నట్టుండి పచ్చబడిన గడి ఆ నర్సుదే. మూడోది కంపెనీ మనిషి మీద. అంత మర్యాదగా నవ్వే మనిషి ఎవరి దగ్గర ఏమి నవ్వుతున్నాడో ఎవరికి తెలుసు? ఒక్కసారి ఆ చూపు అలవాటు పడేసరికి గదిలో ఉన్నవాళ్ళ ముఖాలన్నీ మారిపోయాయి. పక్కసీటు అమ్మాయి ఫోను పట్టుకుని బయటికి ఎందుకు వెళ్ళింది? పెద్దడాక్టరు ఈ వారం తనను రెండుమార్లు భోజనం చేశారా అని ఎందుకు అడిగాడు? ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనివాడు?

కాగితాల కాలం నుంచీ ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు. అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. గీత కింది మాట చదవడానికి వీలుగా మిగలాలి. కంప్యూటర్లు వచ్చాక ఆ గీత కంటికి కనపడకుండా పోయింది గాని, లేకుండా పోలేదు. ప్రతి గడి వెనకా దాని మార్పుల చరిత్ర ఉంటుంది, తెరవడం తెలిసినవారికి.

తాళాలమ్మ తెరిచింది.

మొదట రాసింది: కళ్ళు తిరగడం, ఒకసారి పడిపోవడం, ఇంకా కొనసాగుతోంది. తరవాత: తొలగించబడింది. కారణం: పొరపాటున నమోదైంది. చేసింది ఎవరు అన్నచోట, తన ఆఫీసుకు కింది అంతస్తులో ఉన్న ఆసుపత్రి నర్సు.

ఆ చరిత్రను తెరవడంతో ఆమె తన తాళాన్ని తానే బద్దలు కొట్టుకుంది. ఇక అంకె చెవిలో పడిందనే సాకు కూడా చెల్లదు. నోరు విప్పితే మొట్టమొదట అడిగేది, ఆ మనిషి పడిపోయిన సంగతి నీకెలా తెలుసు అని. విప్పకపోతే శుక్రవారం తాళం పడుతుంది, ఏ మచ్చా లేని పేరుతో ఆ మాత్ర లోకంలోకి వెళుతుంది, తన ఇంట్లో ఒక మనిషి దానిని మింగుతూ రోజూ మెట్లెక్కి దిగుతూ ఉంటుంది. ఆసుపత్రిలో చేర్చవలసినంత పెద్ద దెబ్బ అయితే కబురు వేరే దారిలో ఆ రోజే పైకి చేరి ఉండేది. ఆవిడ ఎముక విరగకపోవడమే ఇప్పుడు ఆవిడకు కీడైంది.

ఆఫీసు ఉన్నది ఆ ఆసుపత్రి పై అంతస్తులోనే అయినా, తాళాలమ్మ కింది అంతస్తుకు దిగడం అరుదు. రోగుల ముఖాలు చూడకపోవడం ఆమె పనిలో ఒక భాగం. రోగులు వెళ్ళిపోయే వేళ చూసుకుని దిగింది. నర్సు ఒంటరిగా, రక్తపోటు చూసే పట్టీని చుడుతూ కనిపించింది. గదిలో స్పిరిట్ వాసన, బల్లమీద సగం తాగిన టీ.

“అమ్మో, పై అంతస్తు కిందికి దిగింది. ఎవరికి మూడింది మేడం?”

“ఎవరికీ లేదు సిస్టర్. ఊరికే వచ్చాను.”

“మీరు ఊరికే రారండీ. మీ క్వెరీలే ఊరికే వస్తాయి.”

తాళాలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఒకసారి నమోదు చేసిన బాధను మళ్ళీ తీసేయడం ఎప్పుడైనా జరుగుతుందా?”

నర్సు చేతిలో పట్టీ చుట్టడం ఆగింది. “ఎవరిది?”

“ఎవరిదీ అని కాదు.”

“ఏ నంబరండీ?”

“నంబరు సంగతి కాదు, పద్ధతి సంగతి.”

“పద్ధతి కోసం ఎవరూ మెట్లు దిగరు మేడం. పద్ధతికి మెయిలు పెడతారు.”

కొంతసేపు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చదువుకున్నారు. ఒకరికి నంబరు తెలిసీ అనకూడదు. రెండోవారికి ఆ నంబరు ఏదో తెలుసుకోనిదే జవాబు చెప్పే ధైర్యం లేదు.

“పొరపాటున నమోదైతే తీసేస్తాం,” అన్నది నర్సు చివరికి.

“పొరపాటని ఎలా తేలుతుంది?”

“మీరు తేలుస్తారుగా.”

“నేనా?”

నర్సు తన కంప్యూటరు తెరను ఆమెవైపు తిప్పింది. తీసేసిన నమోదు ఒకటి: ఎవరో ఒక రోగికి అరచేతుల్లో తిమ్మిర్లు. ఇంకా కొనసాగుతోంది. దాని కింద క్వెరీల వరస.

ఈ బాధ ముగిసిన తేదీని దయచేసి ఇవ్వగలరు. నర్సు జవాబు: ఇంకా తగ్గలేదు. ఈ బాధ ముగిసిన తేదీని దయచేసి ఇవ్వగలరు. జవాబు: రోగి ఇప్పటికీ బాధపడుతున్నారు. ఈ బాధ ముగిసిన తేదీని దయచేసి ఇవ్వగలరు. జవాబు: తగ్గలేదని చెప్పాను కదండీ. ఈ బాధ ముగిసిన తేదీని.

“మొదట్లో అవతల మనిషి ఉన్నారనుకుని మర్యాదగా రాసేదాన్ని. తర్వాత కోపంగా రాశాను. ఒకసారి తిట్టాను కూడా, వెతికితే దొరుకుతుంది మీకు. అయినా దయచేసి అనే అంటోంది. తిడితే కూడా దయచేసి అనేవాళ్ళు మనుషుల్లో ఉండరే అనుకున్నాను. అప్పుడర్థమైంది, మిషనని.”

ఆ మర్యాద ఎవరిదో తాళాలమ్మకు తెలుసు. ‘దయచేసి’ అన్నమాటను ఆ వాక్యంలో చేర్చాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించి చేర్చింది తానే. తేదీ గడి ఖాళీగా ఉంటే ప్రశ్న వెళ్ళాలి. నిండేదాకా వెళుతూనే ఉండాలి. జవాబులో ఏమి రాశారో చదవమని ఆ నిబంధనలో ఆమె చెప్పలేదు.

“ఫోను చేసి చెప్పవచ్చు కదా సిస్టర్.”

“చేశాను. మీకు కాదు, పెద్దడాక్టరుగారి గదికి. మిగతా వాళ్ళంతా పచ్చగా ఉన్నారు, మీరొక్కరే ఎర్రగా ఉన్నారేమిటి అన్నారు. నేను ఎర్రగా ఉండటమేంటండీ, రోగికి తగ్గకపోతే?” నర్సు టీ ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది; చల్లారిపోయింది. “దొంగ తేదీ వేస్తే ఉద్యోగమే కాదు, పరువు కూడా పోతుందని శిక్షణలో మీరే భయపెట్టారు. వేయలేదు. నా చేత్తో ఒక్క దొంగ తేదీ వేయలేదు. తీసేస్తే మాత్రం మిషను నోరు మూసుకుంది. మేం పచ్చబడ్డాం. ఒక్క నొక్కు, అంతే.”

“పొరపాటున నమోదైందని కారణం రాశారు. అది దొంగమాట కాదా?”

“రాయడానికి చోటు ఎక్కడిస్తారండీ మీరు? ఉన్న కారణాల్లోంచి ఒకటి నొక్కాలి. ఉన్నవాటిలో అదే కాస్త దగ్గరగా ఉంది.”

“దగ్గరగా ఉందా? మనిషి కింద పడిపోయి, మోచెయ్యి కమిలిపోయి వచ్చి మీతో చెప్పుకుంటే, అది మీకు పొరపాటుకు దగ్గరగా కనిపించిందా?”

అన్న తరవాత గాని తాను ఏమన్నదో ఆమెకు వినపడలేదు. నర్సు మెల్లిగా కప్పు బల్లమీద పెట్టింది.

“పడిపోయిన సంగతి నేను అనలేదే. తిమ్మిర్ల గురించి కదా మాట్లాడుకుంటున్నాం.” కాస్త ఆగింది. “కమిలిన మోచెయ్యి ఒక్కరిదే వచ్చింది ఈ గదికి. నూట పదిహేడు మీకేమవుతారు మేడం?”

తాళాలమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“సరే, చెప్పకండి,” అన్నది నర్సు, గొంతు తగ్గించి. “మీరు చూసిన సంగతి నేను అనను. నేను తీసేసిన సంగతి మీరు అనకండి. శుక్రవారం దాటితే ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం.”

అది బెదిరింపో స్నేహమో ఆ ముఖంలో తేలలేదు. బహుశా ఆమెకే తేలి ఉండదు. అలసిపోయిన మనుషులు చాలామంది ఈ రెంటినీ ఒకే గొంతుతో చెబుతారు.

తాళాలమ్మ పైకి వచ్చి, ఆ క్వెరీ వెళ్ళిన తరవాత తొలగించిన బాధలన్నిటినీ అన్ని ఆసుపత్రుల నుంచీ ఒకచోటికి రప్పించింది. ఇందుకు ఏ ఒక్కరి నంబరూ అక్కరలేదు. తెర నిండింది. కిందికి జరిపితే మళ్ళీ నిండింది. కళ్ళు తిరగడం. తల తూలడం. కళ్ళు తిరగడం. మంచం దిగుతూ పడబోవడం. కళ్ళు తిరగడం. ఎదుట గోడమీద ఆసుపత్రులన్నీ పంటచేలలా పచ్చగా మెరుస్తున్నాయి.

ఆమె తెచ్చిపెట్టుకున్న అనుమానాలన్నీ ఎంత అనవసరమో అప్పుడు తెలిసింది. కంపెనీ మనిషి ఎవరికీ ఏమీ ముట్టజెప్పలేదు. ఎవరూ ఎవరితోనూ కుమ్మక్కు కాలేదు. ఒకరి ముఖం ఒకరు ఎరగని నర్సులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, దొంగ తేదీ వేయడానికి చేతులు రాక, అందరూ ఒకే పని చేశారు. తగ్గిపోయిన బాధలన్నీ మిగిలాయి, తగ్గని బాధలన్నీ పోయాయి. ఈ మాత్ర తింటే ఏ బాధ వచ్చినా చివరికి తగ్గిపోతుందని ఇప్పుడా లెక్క ప్రమాణం చేసి చెబుతోంది. బహుశా కళ్ళు తిరిగినవారిలో సగంమంది తిన్నది ఉత్తుత్తి మాత్రే కావచ్చు. అది తేల్చే పని తాళాలమ్మది కాదు. తేల్చేవారికి ఆ కళ్ళు తిరగడాన్ని అందజేయడం మాత్రం ఆమె పనే.

పెద్దడాక్టరు ఆమె చెప్పినదంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. అడ్డురాకపోవడం ఆయన విద్యలో ఒకటి.

“మంచిపని చేశారు. లాక్ అయ్యాక దీన్ని వివరంగా చూద్దాం.”

“అయ్యాక చూడటానికేమీ ఉండదు సర్. లెక్కలు తేల్చేది లాక్ అయినదానితోనే కదా.”

“అనుబంధంగా ఒక పేరా రాద్దాం.”

“అనుబంధాలు ఎవరు చదువుతారు సర్?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అసలిది మీ కంట్లో ఎలా పడిందమ్మా? కొన్ని వేల గడులు. తొలగించినవాటి చరిత్ర తెరవాలని మీకెందుకు తోచింది? ఎవరి కోసం వెతికారు?”

ఆ ప్రశ్న కోసమే ఆమె వచ్చింది. అయినా అది ఇంత త్వరగా, ఇంత మెత్తగా వస్తుందనుకోలేదు.

“చెప్పనక్కర్లేదు,” అన్నాడాయన, ఆమె ముఖం చూసి. “మామూలు పరిశీలనలో బయటపడిందని రాయండి. నేను సంతకం పెడతాను. మీ ఉద్యోగం చెక్కుచెదరదు. శుక్రవారం మీరు మీ సంతకం పెట్టండి. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.”

“మాత్ర తినేవాళ్ళకు సర్?”

“మందన్నాక కాస్త కళ్ళు తిరుగుతాయమ్మా. మీరు మరీ ఆవేశపడుతున్నారు.”

ఆమె ఆవేశపడలేదు. జీవితంలో అంత చల్లగా ఎప్పుడూ ఆలోచించి ఎరగదు. మామూలు పరిశీలన అని రాసిన నివేదిక ఈ బల్ల దాకా వచ్చి ఇక్కడే పడుకుంటుంది. కాని రోగి ఎవరో బయటపడిందన్న నివేదికకు ఆగే హక్కు లేదు. అది ఏ అధిపతి చేతికీ చిక్కకుండా, రోగుల మేలు కనిపెట్టి ఉండే నైతిక సంఘానికి నేరుగా వెళ్ళి తీరాలి. ఎలా తెలిసింది, తెలిసిన తరవాత ఏమి చూశారు, చూసినదానిలో ఏముంది, అంతా పూసగుచ్చినట్టు దానితోపాటు వెళ్ళాలి. ఆ దారికి తలుపు ఒక్కటే, దాని తాళంచెవి ఆమె తప్పే. పైగా తాను దాచితే నర్సు నోట రేపో ఎల్లుండో బయటపడుతుంది. అప్పుడు, ఆమె తన చుట్టం కోసం అల్లిన కథ ఇది అని, జాబితా మొత్తాన్ని తుడిచిపారేస్తారు.

“ఆలోచించుకుంటాను సర్,” అన్నది. ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆలోచించుకుంటాననడం ఒప్పుకోవడానికి మర్యాదైన పేరని ఆయన నమ్మకం.

ఆమె తన గదికి వచ్చి ముందు ఆ నిబంధన పీక కోసింది. తరవాత తొలగించిన ప్రతి బాధకూ ఒక కొత్త క్వెరీ పంపింది. ఈసారి కంప్యూటరు చేత కాదు, తానే రాసి: రోగిని మళ్ళీ అడగండి. బాధ నిజమైతే తిరిగి చేర్చండి. తగ్గకపోతే తగ్గలేదనే రాయండి, తేదీ అక్కరలేదు. గోడమీద ఒక గడి ఎర్రబడింది. దాని పక్కది ఎర్రబడింది. పక్కసీటు అమ్మాయి లేచి నిలబడి, “మేడం, తెర పాడైనట్టుంది,” అన్నది.

“ఇన్నాళ్ళూ పాడై ఉన్నది,” అన్నది తాళాలమ్మ, కూర్చున్నచోటి నుంచే.

ఆఖరున తన నివేదిక రాసింది. అంకె ఎలా చెవిలో పడిందీ, అప్పుడే రాసి ఇవ్వకపోవడం, చరిత్ర తెరవడం, అన్నీ రాసింది. ఏ నర్సు పేరూ రాయలేదు. జతచేసిన తొలగింపుల జాబితాలో ఎటూ అందరి పేర్లూ ఉన్నాయి, వాటితో సమంగా ఆ నిబంధన రాసిన మనిషి పేరు కూడా ఉండాలని మాత్రం చూసింది. పంపి, తెరకు తాళం వేసి, మంచినీళ్ళకు లేచింది. తిరిగి వచ్చి పాస్‌వర్డు కొడితే తెర తెరుచుకోలేదు. ఆమె నేర్పినవాళ్ళు పని బాగా నేర్చుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి తోడికోడలు పై మెట్టు మీద కూర్చుని గాలి పీల్చుకుంటోంది. మోకాళ్ళు బాగుపడ్డాక మెట్లెక్కడం ఆవిడకు సరదా అయిపోయింది.

“ఏమే, పెందలాడే వచ్చావు. తాళాలు పోయాయా?”

“పోయాయి అక్కా.”

ఆవిడ నవ్వబోయి, ఆగింది. తాళాలమ్మ ఒక మెట్టు కింద నిలబడి, సంచీ భుజం నుంచి దించకుండానే చెప్పింది. “రేపు ఆసుపత్రికి వెళ్ళు. కళ్ళు తిరుగుతున్నాయని మళ్ళీ చెప్పు. తగ్గలేదని చెప్పు. రాసేదాకా అక్కణ్ణుంచి లేవకు.”

“చెప్పాను కదే ఒకసారి.”

“రాశారు. తీసేశారు.”

తోడికోడలు కళ్ళు చిన్నవయ్యాయి. ఎక్స్ఛేంజీలో లైను మీద మూడో మనిషి ఊపిరి వినపడ్డప్పుడు ఆవిడ ఇలాగే చూసి ఉంటుంది.

“అయితే చూశావన్నమాట.”

“చూశాను.”

“నేననలేదూ?”

“అన్నావు.”

“ఇంకేం చూశావు? బరువు చూశావా?”

“లేదు. ఆ ఒక్క గడే చూశాను.”

“నమ్మమంటావా?”

“నమ్మొద్దు. రేపు మాత్రం వెళ్ళు.”

తోడికోడలు చాలాసేపు ఆమె ముఖాన్ని, భుజాన వేలాడుతున్న సంచీని, ఎప్పుడూ మెళ్ళో ఉండే ఆఫీసు కార్డు లేకపోవడాన్ని, ఒక్కొక్కటిగా చూసింది. “మీ వాళ్ళకు చెప్పుకున్నావా, నాది చూశానని?”

“రాసిచ్చాను.”

“పిచ్చిదానా. నేనైతే ఇన్నేళ్ళూ చెప్పలేదు, ఒక్కటి కూడా.” ఆ మాటలో గొప్ప ఎంతో, ఇంకేదైనా ఎంతో, తాళాలమ్మ వెతకలేదు. వెతకడం ఆ పూటకు చాలనిపించింది.

తోడికోడలు లేచింది. లేచిన క్షణంలో ఒక్కసారి ఊగి, కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఏమీ జరగనట్టు ఒక్కొక్క మెట్టే దిగసాగింది. తాళాలమ్మ పక్కకు ఒత్తిగిలి దారి ఇచ్చి, వెంటనే వెనక నడిచింది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

“వెనకాల రాకు,” అన్నది ఆవిడ తల తిప్పకుండా. “నిఘా వేసినట్టుంది నాకు.”

తాళాలమ్మ ఆగలేదు.